మైకులో చెప్పని మాట

అత్తయ్యకు నమస్కారాలు.

కాగితాల ప్రకారం మీరు నాకిప్పుడు ఏమీ కారు. కానీ ఇన్నేళ్లు అలవాటైన నోరు, వేరే పిలుపు రావడం లేదు. అందుకని అత్తయ్యా అనే రాస్తున్నాను. మీకు కష్టంగా ఉంటే తిరుగుటపాలో తిట్టండి, మానేస్తాను.

ఆపరేషను బాగా జరిగిందని వదిన ఫోన్ చేసి చెప్పింది. స్వరపేటిక పూర్తిగా తీసేశారని, ఇక మాట ఉండదని చెప్పింది. చెప్పి, "రావాలని ఉన్నవాళ్లు ఎలాగైనా వస్తారులే" అంది. నేను జవాబు చెప్పేలోపే పెట్టేసింది. ఆ మాట గోరుచుట్టు మీద రోకటిపోటులా తగిలింది. వదినకు నేనేం చెప్పినా సాకులాగే వినపడుతుంది. మీరు మాత్రం జరిగింది జరిగినట్టు తెలుసుకోవాలని రాస్తున్నాను.

"గొంతు పోయేలోపు నీతో ఒక మాట చెప్పాలి, ఒక్కసారి వచ్చిపో" అని మీరు పిలిచిన రోజున నేను ల్యాబులో ఒక పెద్దాయన కట్టుడుపళ్ల సెట్టుకి మెరుగు పెడుతున్నాను. చేతిలోది అలాగే వదిలేసి మా మేనేజరు దగ్గరికి వెళ్లి సెలవు అడిగాను. "ఎవరికి బాగాలేదు?" అన్నాడు. "మా అత్తయ్యకి" అన్నాను. నా విడాకుల సంగతి తెలిసినవాడే అయినా ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు.

వదినా మీ అబ్బాయీ, మీ పిల్లలిద్దరూ ఉంటున్న పరాయి దేశానికి మీరూ వెళ్లిపోయారు కదా, అక్కడికి టిక్కెట్టు తీసుకుని విమానాశ్రయానికి చాలా ముందే వెళ్లాను. కౌంటర్లో ఒక చిన్నపిల్ల ఉంది, ఉద్యోగంలో కొత్తగా చేరినట్టుంది. పాస్‌పోర్టు చదివే మిషను పనిచేయడం లేదని వివరాలు చేత్తో కొట్టింది. కొట్టి, తెర వైపు చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"మేడమ్, మీ పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు లేదండి. ఎక్కించడం కుదరదు."

"ఏడాదికి పైగా ఉందమ్మా, చూడు" అన్నాను.

"మార్చి పన్నెండుకే అయిపోతోంది కదండీ."

నా పాస్‌పోర్టు మీద ఉన్నది డిసెంబరు మూడు, అత్తయ్యా. మూడు ముందు, పన్నెండు వెనక. ఆ కంపెనీ వాళ్ల దేశంలో నెల ముందు రాసి తేదీ తర్వాత రాస్తారట. ఆ పిల్ల వాళ్ల లెక్కలో చదివేసింది. నేను పుట్టిన తేదీ, గడువు అయిపోయే తేదీ రెండూ వేలు పెట్టి చూపించాను. "పుట్టిన తేదీ కూడా నీ లెక్కలో చదువు, పద్దెనిమిదో నెల ఏ దేశంలో ఉంటుంది?" అన్నాను. ఆ పిల్లకి అనుమానం వచ్చింది, కళ్లలో కనపడింది. పై అధికారిని పిలిచింది. ఆయన వచ్చాడు, తెర చూశాడు. పుస్తకం చూడండి బాబూ అని బతిమాలాను. "సిస్టమ్ వద్దంటోంది కదమ్మా, నేనేం చేయను? గడువు పొడిగించుకుని రండి" అన్నాడు. పాస్‌పోర్టు ఆయన చేతిలోనే ఉంది. ఒక్క పేజీ తిప్పలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. వెనక లైను కదలాలి. నన్ను పక్కకి జరగమన్నారు. పెట్టె పట్టుకుని స్తంభం పక్కన నిలబడి, మీరు ఎదురు చూస్తున్న ఊరికి వెళ్లే విమానం తలుపులు మూసేశారని చెప్పే ప్రకటన విన్నాను. ఇంకే విమానంలోనూ చోటు లేదు. మర్నాడు పొద్దున్నే మీకు ఆపరేషను.

అప్పుడే మీకు ఫోన్ చేశాను. "వినపడుతోందా అత్తయ్యా?" అంటే, "నీది నాకు వినపడుతోంది. నాదే నీకు వినపడుతోందో లేదో" అన్నారు, జల్లెడలోంచి రాలినట్టున్న గొంతుతో. ఆ చెప్పాలనుకున్నదేదో ఇప్పుడే చెప్పండి అని అడిగాను. మీరన్నది నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "ఇన్నేళ్లూ మైకులోనే మాట్లాడానమ్మా. ఇదొక్కటీ మనిషి ఎదురుగా చెప్పాలి. సర్లే, ఏం చేస్తాం."

బస్టాండులో ముప్పై ఏళ్లు బస్సుల రాకపోకలు చెప్పిన గొంతు అది. ఆ గొంతుతో నాకోసం దాచిన మాట నేను వినకుండానే పోయింది. దీన్ని నేను వదలను అత్తయ్యా. కంపెనీకి రాశాను. వాళ్లు కాదంటే వినియోగదారుల కోర్టుకి వెళతాను.

మీరు త్వరగా కోలుకోవాలి.

మీ కోడలు
(అలాగే రాస్తున్నాను, క్షమించండి)

*

అత్తయ్యకు,

మీ కార్డు అందింది. "బతికే ఉన్నాను. కోర్టుకి వెళ్లు. మిగతాది తర్వాత." ఇంతేనా అని వెనక్కి తిప్పి చూశాను. తర్వాత నవ్వొచ్చింది. బస్టాండులో కూడా మీరు ఒక మాట ఎక్కువ వాడేవారు కాదు.

వెళ్లాను. ముందు కంపెనీ వాళ్ల జవాబు వచ్చింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని. అసౌకర్యమట! కుర్చీ కాలు విరిగితే అసౌకర్యం. దాంతోపాటు ఇంకోసారి ప్రయాణం చేయడానికి ఒక కూపను పంపారు. అది వాడుకోవాలంటే తప్పు వాళ్లది కాదని ఒప్పుకుంటూ సంతకం చేయాలి. మా ల్యాబులో అందరూ "తీసుకో, ఉన్నంతలో నయం" అన్నారు. నేను తిప్పి పంపేశాను. నాకు కావలసింది తప్పు మీదేనని వాళ్ల నోటితో ఒక్క ముక్క. అది వదినకి చూపించాలనే పంతం మొదట్లో బాగానే ఉండేది, దాచను. కోర్టు గదిలో కూర్చున్నాక ఆ పంతం చల్లబడింది. వేరే ఏదో పైకి వచ్చింది.

కోర్టంటే పెద్ద హాలేమీ కాదు. ఒక గది, పాత ఫ్యాను, మా ముందు వాషింగ్ మెషీను కేసు. న్యాయమూర్తి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కాగితాలు చదివే పెద్దావిడ. కంపెనీ లాయరు మంచి మాటకారి. లేచి, "టిక్కెట్టు డబ్బు ఇచ్చేస్తామండి. మనోవేదన అంటున్నారే, అదే అర్థం కావడం లేదు. ఈవిడ వెళ్తున్నది విడాకులు తీసుకున్న భర్త తల్లి దగ్గరికి. చట్టప్రకారం బంధువే కాదు. ఇక వేదన ఎక్కడిది?" అన్నాడు.

గదిలో ఎవరో చిన్నగా నవ్వారు. న్యాయమూర్తి నావైపు తిరిగి, "ఏమ్మా, దీనికేమంటారు?" అంది.

"విడాకులు భర్తతో తీసుకున్నానండి. ఆవిడతో నాకు తగువే లేదు" అన్నాను.

"వెళ్లలేకపోవడం వల్ల మీకు జరిగిన నష్టం ఏమిటి?"

"ఆవిడకి మర్నాడు గొంతు తీసేశారండి. అంతకు ముందు నాతో ఒక మాట చెప్పాలనుకున్నారు."

"ఏం మాట?"

"తెలీదండి. నష్టం అదే."

ఆవిడ కళ్లద్దాలు కిందికి దించుకుని ఆ మాట రాసుకుంది.

తర్వాత ఆ కౌంటరు పిల్లను పిలిచారు. కంపెనీ తరఫు సాక్షి. "రోజూ ఎంతోమందిని చూస్తాను, గుర్తులేదు" అని చెప్పమన్నారని ముఖం చూస్తేనే తెలుస్తోంది. లాయరు అడిగాడు. ఆ పిల్ల అతని వైపు చూడలేదు. న్యాయమూర్తినే చూస్తూ, "గుర్తుందండి. తేదీ, నెల నేనే తారుమారుగా కొట్టాను. మేడమ్ చెప్పాక నాకు అనుమానం వచ్చింది. మా సార్‌ని ఎదిరించలేకపోయాను" అంది. లాయరు ముందున్న ఫైలు మూసేశాడు.

బయట వరండాలో ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. "అక్కా, ఆ అమ్మగారు ఉన్నారా?" అని అడిగింది. ఉన్నారని చెప్పాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పోతే పోయింది ఉద్యోగం, ఈ బరువు మోయలేకపోయానంది. తీర్పు నాకు అనుకూలంగా వచ్చింది. కంపెనీ తప్పు ఒప్పుకుంటూ రాసిచ్చింది, దాని నకలు ఇందులో పెడుతున్నాను. నేను ఇంటికి వచ్చి ఆ కాగితం బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. గెలిచాను కదా, సంతోషం ఏదీ అని వెతుక్కున్నాను. దొరకలేదు.

ఎందుకో మీకు చెప్పాలి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

మీ అబ్బాయి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కోపం వస్తే మాట్లాడటం మానేసేవాడు. వారాలు గడిచేవి. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, నేను లేనట్టే తినేవాడు. దేనికి కోపమో తెలియక, ముందు రోజు నేనన్న మాటలన్నీ ఏరుకుని వెతుక్కునేదాన్ని. అడిగితే లేచి వెళ్లిపోయేవాడు. చూసిన వాళ్లంతా "నెమ్మదస్తుడు, నీ అదృష్టం" అనేవారు. నేను పెట్టె సర్దుకుని బయల్దేరిన రోజున మీరు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వద్దంటారేమో అనుకున్నాను. పొమ్మంటారేమో అనుకున్నాను. ఊరందరికీ ఏ బస్సు ఎటు పోతుందో చెప్పే మనిషి, నేను ఎటు పోతున్నానో కూడా అడగలేదు. అదే నాకు ఇన్నేళ్లూ ముల్లులా ఉండిపోయింది. కొడుకు మౌనం సరే, మీ మౌనం దేనికి? అందుకే మీరు పిలవగానే ఉన్నపళంగా బయల్దేరాను. నా తప్పో ఒప్పో, ఆ గొంతుతో ఏదో ఒకటి వింటాను కదా అని.

గొంతు లేకపోయినా చెయ్యి ఉంది కదా అత్తయ్యా. రాయండి. ఎలాంటి మాటైనా సరే.

మీ కోడలు

*

అమ్మాయీ,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది. చెయ్యి బాగానే ఉంది, ధైర్యమే చాల్లేదు.

ఆ మాట ఏమిటో చెబుతాను. విని నన్ను అసహ్యించుకున్నా ఫరవాలేదు.

నిన్ను తిరిగి రమ్మని అడగాలనుకున్నాను. నా కొడుకు దగ్గరికి.

వాడు ఒంటరిగా ఉన్నాడు. "నువ్వు అడిగితే కాదనదమ్మా" అన్నాడు. అది వాడు ఆ ఏడాదిలో నాతో అన్న పెద్ద వాక్యం, కరిగిపోయాను. ఫోన్లో అడిగితే నువ్వు ఆలోచించుకుంటానంటావు. ఎదురుగా, మంచం మీద నుంచి, మర్నాడు పోబోయే గొంతుతో అడిగితే కాదనలేవు. అది నాకు తెలుసు. తెలిసే పిలిచాను. నీ చేతులు పట్టుకుని, చివరి కోరిక అని అడగబోయాను. నువ్వు ఒప్పుకునేదానివే. నీ మనసు నాకు తెలియదా?

ఆపరేషను తర్వాత వాడు నన్ను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు నేను పలక మీద రాసి చూపిస్తాను. "మంచినీళ్లు" అని రాస్తే తెచ్చి పెడతాడు. మందులు వేళకి ఇస్తాడు. ఏ లోటూ చేయడు. కానీ ఎలా ఉందమ్మా అని అడగడు. ఒకరోజు నేను పలక మీద "నాతో ఏమైనా మాట్లాడు నాన్నా" అని రాశాను. చదివాడు. పలక నా ఒళ్లో పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వారం దాకా గది గుమ్మం తొక్కలేదు, పనమ్మాయి చేత అన్నీ పంపాడు. నాకు మాట లేక మాట్లాడను. వాడికి ఉండి మాట్లాడడు. మంచం మీద పడుకుని నేను ఏం తప్పు రాశానా అని వెతుక్కున్నాను. అప్పుడు తెలిసిందమ్మా, నువ్వు ఏ ఇంట్లో ఉన్నావో. కన్నతల్లిని, వారానికే గోడలు మీద పడుతున్నట్టయింది. నీకు ఏళ్లు గడిచాయి.

విమానం వాళ్లు చేసింది తప్పే. వాళ్ల చేత ఒప్పించావు, నాకు గర్వంగా ఉంది. ఆ కాగితం మీ వదినకి చూపించాను. అది చదివి, "నేను నోరు పారేసుకున్నానమ్మా" అంది. నీకు ఫోన్ చేస్తుంది, చెయ్యకపోతే నేను ఊరుకోను. కానీ నీకు జరిగిన నష్టం గురించి ఆ న్యాయమూర్తికి చెప్పావే, అది మాత్రం తప్పు లెక్క. నువ్వు వినకపోవడం వల్ల పోయిందేమీ లేదు. నువ్వు ఆ విమానం ఎక్కి ఉంటే, నా గొంతు చివరిసారి చేసే పని నిన్ను మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టడమే అయ్యేది. ఆ కౌంటరు పిల్లకి ఉద్యోగం ఉందో పోయిందో కనుక్కో. నేను చూడని బిడ్డ, ఆమె మేలు కోరుకుంటున్నాను.

నేను మీ వదిన ఇంటికి మారిపోయాను. వాడితో పోట్లాడి కాదు. పలక మీద రాసి చూపించి వచ్చాను: "నువ్వు మాట్లాడినప్పుడు వస్తాను" అని. వాడు చదువుతూ ఉండగానే బయల్దేరాను. వాడి సంగతి వాడు చూసుకోవాలి. నువ్వు గానీ నేను గానీ వాడికి మందు కాదు.

ఇక్కడ ఒక ఆవిడ నాకు మళ్లీ మాట నేర్పుతోంది. మెడకి చిన్న యంత్రం ఆనించి పలకాలి. గొంతు చాలా మోటుగా ఉంటుంది, పక్కింటి పాప భయపడి పారిపోయింది. నాకు నవ్వొచ్చింది. నవ్వు బయటికి రాదు కానీ లోపల బాగానే ఉంది.

ఇప్పుడు నిన్ను ఒకటి అడగాలి. చివరి కోరికా కాదు, బతిమాలడమూ కాదు. వద్దంటే వద్దని ఒక ముక్క రాయి, నొచ్చుకోను. డాక్టరు ప్రయాణానికి సరే అన్నాడు. నీ ఇల్లు చూడాలని ఉంది. నువ్వు పని నుంచి వచ్చి కూర్చుంటే, నీ ఎదురుగా కూర్చోవాలని ఉంది.

నేను రావచ్చా?

నీ అత్తయ్య