అన్న నోరు పెట్టిన నాడె

8 జూన్ 1979, తిరుత్తణి
అన్నకు మళ్లీ దగ్గు. ఇద్దరం ఒకే మగ్గం మీద వంతులేసుకుని నేస్తాం. నూలు కండె మార్చిన ప్రతిసారీ, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె కంటికి, ఆ చిన్న కంతకి, నోరు పెట్టి పోగు బయటికి పీలుస్తాం. నేతవాళ్ల ఇళ్లలో అందరూ అంతే. ఇవాళ అన్న అన్నానికి లేచాడు. నేను కూర్చుని, నాడెను పంచెతో గట్టిగా తుడిచాను. తలెత్తితే వాకిట్లో అన్న. చూశాడు.

11 జూన్
నాకని వేరే నాడె కొన్నాను. పాతది బరువుగా ఉందని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి టీబీ భయం. పిల్లలున్న ఇల్లు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. పిల్లలు మగ్గం దగ్గరికే రారు.

19 జూన్
తిరువళ్లూరులో అన్నకు ఎక్స్‌రే. పని ఉందని నేను వెళ్లలేదు. వదిన సరసమ్మ ఒక్కతే తీసుకెళ్లింది. టీబీ కాదట. ఊపిరితిత్తుల్లో గడ్డలట. మద్రాసులో ఆపరేషన్ చేసి తీసేయాలట, లేకపోతే ప్రాణానికే ముప్పట. అది అంటుకుంటుందా అని అడిగాను. మొట్టమొదట అడిగింది అదే! నీకేం అంటదులే తణికా, బయపడాకు అనింది వదిన. సిగ్గుతో చచ్చిపోయాను.

24 జూన్
అంటదని తెలిసింది. అయినా నేను అన్న నాడెను ముట్టలేదు.

2 జూలై, మద్రాసు
ఉదయం.
థియేటర్‌లోకి తీసుకుపోయే ముందు అన్న నన్ను దగ్గరికి పిలిచాడు. చీర సగంలో ఉండాది, నీ కొత్త నాడెతోనే నెయ్యిరా, నాది ముట్టాకు అన్నాడు. దెప్పుతున్నాడేమో అని మొహం చూశాను. లేదు, నిజంగానే నా గురించి చెబుతున్నాడు. దెప్పినా బాగుండేది.

సాయంత్రం.
గడ్డలు తీసేశారు. క్యాన్సరో కాదో రిపోర్ట్ వస్తేగాని చెప్పలేమన్నారు. వదిన వరండాలో కూలబడి ఏడ్చింది. పక్కన కూర్చోవడానికి నాకు మొహం చెల్లలేదు. గుండు కొట్టించుకుంటానని మురుగనికి మొక్కుకున్నాను. అంతకంటే నావల్ల ఏమైంది గనక?

10 జూలై
రిపోర్ట్ వచ్చింది. క్యాన్సర్ కాదు! క్షమించమని అడుగుదామని మంచం దగ్గరికి పోయాను. ఇడ్లీ తెచ్చాను అని చెప్పి వచ్చేశాను.

14 జూలై
అన్న నీళ్లడిగాడు. నేను తాగే గ్లాసులోనే పోసి ఇచ్చాను. కుట్లున్న వైపు చెయ్యి లేవదు. అయినా పళ్లు బిగబట్టి గ్లాసు పైకెత్తి, పెదవి తగలకుండా నోట్లో పోసుకున్నాడు. సగం నీళ్లు కట్టు మీద పడ్డాయి. నోరు పెట్టి తాగన్నా అన్నాను.

అలవాటైపోయినాదిలేరా అన్నాడు.