నా కేకు ఎవరూ ముట్టలేదు

1922 అక్టోబరు 6, శుక్రవారం

చర్చి విందుకు తీసుకెళ్ళిన ఆపిల్ కేకు అలాగే ఇంటికి తెచ్చుకున్నాను. ఒక్కరూ ముట్టలేదు. మా ఊళ్ళో ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. ఎవరూ తిట్టరు. నవ్వుతూ పలకరిస్తారు, ప్లేటు మాత్రం పక్క గిన్నె దగ్గరికి జరుపుతారు.

అంతా మా తమ్ముడు ఆరిన్ పుణ్యం. షికాగోలో కూర్చుని నవలలు రాస్తాడు. మొదటి నవల్లో బ్యాంకుల్ని ఉతికాడు, రెండోదాంట్లో పాస్టర్లని. అప్పుడు ఊరంతా మావాడు మావాడని మురిసిపోయింది. మూడోది మా ఊరి మీద రాశాడు.

అక్టోబరు 8

లైబ్రరీలో ఆ పుస్తకం లేదంటారు. ఏ పేజీలో ఏముందో మాత్రం అందరికీ తెలుసు.

మూడేళ్ళ క్రితం మొక్కజొన్న గింజలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ తగలబడింది. తలుపుకి బయట తాళం. అనెష్కా కుబాట్ లోపలే కాలిపోయింది. పదిహేనేళ్ళ పిల్ల, నా క్లాసులో చదివింది. ఆ పిల్ల అజాగ్రత్త వల్లే నిప్పంటుకుందని తేల్చేశారు. ఫ్యాక్టరీ కాలిన సాయంత్రం కూడా చర్చి విందు మానలేదు. తాళం, విందు, ఆరిన్ రెండూ రాశాడు.

పక్కింటి కోరా కంచె దగ్గర నిలబడి ఏడ్చింది. తాళం సంగతి సరేనట. "నేను రెండోసారి మాంసం వడ్డించుకున్నానని రాస్తాడా మీవాడు? ఒక్కసారే తిన్నాను" అంది. నవ్వొచ్చింది. ఆ సాయంత్రం నేనూ తిన్నానని గుర్తొచ్చి ఆగిపోయింది.

అక్టోబరు 11

ఫ్యాక్టరీ ఓనర్ స్ట్రౌడ్ గారు క్లాసుకే వచ్చారు. స్కూల్ బోర్డు ఛైర్మన్ కూడా ఆయనే. "చూడు లవీనియా, నీమీద మాకేం కోపం లేదమ్మా. ఇరవయ్యో తారీఖు విందులో లేచి, తాళం లేదు, తమ్ముడు రాసిందంతా అబద్ధం అని ఒక్క మాట చెప్పెయ్" అన్నారు. చెప్పకపోతే? ఈ ఏడు చలి బాగా ఉంటుందట, అన్నారు టోపీ పెట్టుకుంటూ. నేనుండే ఇల్లు కూడా స్కూలుదే.

భయంగా ఉంది.

అక్టోబరు 14

మందుల షాపు నుంచి ఆరిన్‌కి ఫోన్ చేశాను. తాగి ఉన్నాడు. "అబద్ధమని చెప్పెయ్యక్కా! నా పుస్తకం నీ నోటి దగ్గర కూడు తియ్యాలా? నేనేమీ అనుకోను" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. దేశాన్నంతా కడిగేసే మొనగాడు! నిజం నీ పుస్తకంలో ఉంటే చాలా, నా నోట్లో ఉండక్కర్లేదా అని అడిగి ఫోన్ పెట్టేశాను.

అక్టోబరు 19

చెప్పేస్తాను. అబద్ధమనే చెప్పేస్తాను. ఇల్లు కావాలి నాకు.

అక్టోబరు 21, పొద్దున్న

నిన్న మళ్ళీ కేకు తీసుకెళ్ళాను. ఎందుకో నాకే తెలీదు. స్ట్రౌడ్ గారు గ్లాసు మీద చెంచాతో కొట్టారు. అందరూ నావైపు తిరిగారు. లేచాను. అబద్ధమన్న మాట నాలుక మీదే ఉంది.

గుమ్మంలో అనెష్కా తల్లి నిలబడి ఉంది. ఆవిడ మా చర్చికి ఎప్పుడూ రాదు. నేనేం చెబుతానో వినడానికి వచ్చింది.

తాళం ఉంది అన్నాను. గొడ్డలితో పగలగొట్టడం నేను చూశాను, కోరా, నువ్వూ నా పక్కనే ఉన్నావు అన్నాను. ఆ సాయంత్రం రెండోసారి వడ్డించుకున్నది కోరా కాదు, నేను అన్నాను.

నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమ్మా అన్నారు స్ట్రౌడ్ గారు, మర్యాదగానే.

అక్టోబరు 22

కేకు ప్లేటు కడిగాను. ఒక ముక్క తగ్గింది. మొన్న విందులో అనెష్కా తల్లి అందరి మధ్య నుంచి నడిచొచ్చి, నిలబడే తిన్నది. చక్కెర తక్కువైంది టీచరమ్మా, ఈసారి ఇంకాస్త వెయ్యి అంది.