నూకుడు బంద్

1965 ఫిబ్రవరి 1, సోమవారం. కరీంనగర్.

ఇవాళ్టి నుంచి నా కారు వెనక ఎవరి చెయ్యీ పడదు. ప్రతిజ్ఞ!

కారణం రాసి పెట్టుకోవాలి, లేకపోతే పౌరుషం చల్లారుతుంది. నిన్న పెళ్లికి పోతుంటే జగిత్యాల బజారులో కారు ఆగిపోయింది. నా భార్య నర్మద పట్టుచీర కొంగు బిగించి వెనక నుంచి నూకింది. ఆమె మేనత్తలు చూశారు. మేనత్తల పక్కింటివాళ్లూ చూశారు. చేతులు దులుపుకొని అక్కడికక్కడే ధర్మపురి బస్సెక్కి పుట్టింటికి పోయింది. కిటికీలోంచి ఒకే మాట: "నూకకుంట ఇంజను చాలైన నాడు గదే కార్ల రాండ్రి, వస్త. లేకుంటె గా కారుతోనే సంసారం జెయ్యుండ్రి."

మెకానిక్ హమీద్‌కు చూపించాను. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "అమ్మేయుండ్రి వకీల్ సాబ్" అన్నాడు. అక్కర్లేదు! కారు రిపేరు మీద ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకున్నాను. ఇన్నేళ్లుగా దొంగలను విడిపించినవాణ్ణి, ఒక్క దొంగను పట్టుకోలేనా?

ముద్దాయిలు: బాటరీ. దానికి ఛార్జి ఇచ్చే డైనమో. డైనమోను తిప్పే బెల్టు. ఆదివారం నేను ధర్మపురిలో ఉంటాను.

మంగళవారం.

బాటరీయే దోషి! రేడియో దుకాణంలో రాత్రంతా ఛార్జి పెట్టించాను. స్టార్టరు మీట నొక్కగానే ఇంజను గుర్రుమంది. ఇన్నాళ్లూ నూకుడు శాఖ చూసుకున్న గుమాస్తా రాజం దిగాలుపడ్డాడు. "ఇగ నాకేం పని సార్?" కాగితాలు రాయరా నాయనా, అందుకే పెట్టుకున్నాను.

గురువారం.

మీట నొక్కితే "కట్". అంతే. మళ్లీ "కట్".

నిండా నింపిన బాటరీ ఇంతలోనే ఎండిందంటే పోసేవాడు పోయడం లేదు. బాటరీ నిర్దోషి, విడుదల. బెల్టును వేలితో నొక్కితే ఊయలలా ఊగింది. బిగించాను. ఇంకా బిగించాను. ఇప్పుడు కారు పందిపిల్లలా కూస్తోంది గానీ ఛార్జి మీటరు ముల్లు ప్లస్ వైపు జరిగింది! జరిగింది! దీపాలు వేస్తే మాత్రం మైనస్‌కు పోతుంది. కనక దీపాలు వేయను. పొద్దుండగానే ఇల్లు చేరే మర్యాదస్తుడికి దీపాలెందుకు?

ఇదంతా చూడటానికి ముందు నుంచి హాండిల్ పెట్టి ఇంజను తిప్పాల్సి వచ్చింది. చాలయింది గానీ హాండిల్ ఎదురు తన్నింది. మణికట్టు వాచింది.

శుక్రవారం.

హారన్ కూడా బంద్. రాజం కిటికీలోంచి తల పెట్టి అరుస్తున్నాడు: "జరుగుండ్రి! వకీల్ సాబ్ కారొస్తుంది!" హారన్ కంటే దీనికే జనం త్వరగా జరుగుతున్నారు.

కోర్టు పక్కన వాలు మీద ఆపుతున్నాను. బ్రేకు తీస్తే కారు దానంతటదే దొర్లి చాలవుతుంది. దొర్లడం నూకడం కిందికి రాదు. చెయ్యి పడలేదు కదా! హైకోర్టు దాకా వాదిస్తాను.

శనివారం.

డైనమో విప్పాను. లోపలి బొగ్గు ముక్కలు అరిగినట్టున్నాయి. అరగనట్టూ ఉన్నాయి. మూసేశాను. ఒక మరమేకు మిగిలింది. నిజంగా కావలసినదే అయితే లోపలే ఉండేది.

బజారులో హమీద్ ఎదురుపడ్డాడు. "బండి ఖైరియతేనా వకీల్ సాబ్?"

"ఫస్ట్ క్లాస్!" అన్నాను.

అన్నం మాడింది. రోజూ మాడుతోంది. నర్మద లేని ఇంట్లో నాతో కొట్లాడే దిక్కు కూడా లేదు. రేపు ఆమె రాకపోతే ఏం చేయాలో నాకు తెలియదు.

ఆదివారం.

పొద్దున రాజం నూకాడు. సరే, నూకాడు! కరీంనగర్‌లో నూకినదానికి ధర్మపురిలో సాక్షులెవరు? ఇంజను ఆపకుండా పోతే చాలు. దారిలో కొండగట్టు అంజన్నకు సీట్లోంచే దండం పెట్టాను.

అత్తగారు దేవవ్వ చెవులు మూసుకుని వాకిట్లోకి వచ్చింది. "గా ఎంజను బందు వెట్టు అల్లుడా!"

"ఛార్జి అయితున్నది అత్తమ్మా, ఆపొద్దు."

నిలబడ్డ కారులో డైనమో చేసే ఛార్జి దాదాపు సున్నా అని పుస్తకంలో ఉంది. అత్తగారు ఆ పుస్తకం చదవలేదు.

నర్మద విస్తరి వేసింది. పప్పు వడ్డించి, బయటికి పోయి, కారు తాళం తిప్పి, వచ్చి చారు పోసింది. వీధంతా నిశ్శబ్దం.

"నిమ్మలంగ తినుండ్రి. తిన్నంక చాలు జేద్దురు."

చెయ్యి కడుక్కుని కారు దగ్గరికి పోయాను.

మీట నొక్కాను. "కట్". అరుగుల మీద జనం. సిగ్గుతో చచ్చిపోయాను. "పొద్దుగాల రాజం నూకిండు" అని ఒప్పేసుకున్నాను. ఆమె గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. అయిపోయింది నా సంసారం, అనుకున్నాను.

సంచి పట్టుకుని వచ్చింది! వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుంది.

"నేను గీడ కూసుంట. మీరు నూకుండ్రి."

"మణికట్టు వాచింది నర్మదా..."

"నేను పట్టుచీరల నూకిన."

గేరు వేసిచ్చి, క్లచ్చి ఎప్పుడు వదలాలో చెప్పి, నూకాను. అత్తగారు చూసింది. వీధి వీధంతా చూసింది. ఇంజను అందుకుంది. కారు ఆగకుండా గుడి మూల దాకా పోయింది, నేను ధోవతి ఎగగట్టి వెనకాల ఉరికాను. అందుకునేసరికి నర్మద స్టీరింగు మీద వాలి నవ్వుతోంది. ఎంత సంతోషం వేసిందో! చీకటి పడకముందే ఇల్లు చేరాం.

సోమవారం.

ఇంట్లో మనిషి ఉంది. అన్నం మాడలేదు.

కోర్టుకు బయలుదేరితే నర్మద అప్పటికే డ్రైవరు సీట్లో ఉంది. నేనూ రాజమూ వెనక. కారు తనంతట తాను చాలయ్యేదాకా ఇదే ఏర్పాటట.

కొత్త ప్రతిజ్ఞ! ముద్దాయి డైనమోనే, సందేహం లేదు. వచ్చే ఆదివారంలోగా రోగం పట్టుకుంటాను. హమీద్ అక్కర్లేదు.

తొందరేం లేదంటోంది నర్మద. క్లచ్చి వదలడం బాగా వచ్చిందట. రేపు గేరు మార్చడం నేర్పమంటోంది.