కొండమీది రోజాలకు నీళ్ళు

సిస్టర్,

మీరు పోయి ఏడాదైంది. నిన్న ఊటీ వెళ్ళి, మీ కాన్వెంటులో రోజా తోట చూశాను. హిందూపురంలో మా బడి నుంచి బదిలీ అయి వెళ్ళాక మీరు నాటిన మొక్కలు.

పొద్దుటి ఎండ వచ్చినా చలికి నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఒక పిల్ల ఆకుపచ్చ క్యానుతో నీళ్ళు పోస్తోంది. ఆ క్యానును గుర్తుపట్టాను. మా బడిలో దాన్ని నాకు తప్ప ఎవరికీ ఇచ్చేవారు కాదు మీరు.

"యాడి నుంచి వస్తాండావక్కా?" అంది. హిందూపురమనీ, మీ దగ్గర చదువుకున్నాననీ చెప్పాను. తనది గోరంట్ల అట. మీరే వెంటబెట్టుకొచ్చి ఇక్కడి హాస్టల్లో చేర్చారట. నన్ను మాత్రం బాగా చదువుకోమని చెప్పి వెళ్ళారు.

"ఆకులు తడపగూడదక్కా. ఎండ వచ్చినాక మొక్క మొదలు కాడనే పొయ్యల్ల. ఈడ రాత్రిపూట మంచు పడతాది గదా."

"నాకు తెలుసులే," అన్నాను కాస్త విసురుగా.

ఆ పిల్ల పట్టించుకోలేదు. "సిస్టరు ఏమనేదో తెల్సా? రోజాలు నీ ఒక్కదాని మాటే ఇంటాయే, అనేది."

ఆ మాట నాతోనూ అన్నారు మీరు. అది నా ఒక్కదానిదే అనుకుని, ఇన్నేళ్ళూ అమ్మకు కూడా చెప్పకుండా దాచుకున్నాను.

"నీతో గూడా అట్లే అనేదాక్కా?" క్యాను పట్టుకుని నా జవాబు కోసం ఆగిపోయింది.

"లేదు. నన్ను క్యాను ముట్టుకోనిచ్చేవారే కాదు."

మురిసిపోతూ పక్క మొక్క దగ్గరికి పోయింది. ఆ మాట ఇప్పుడు తన ఒక్కదానిదే. నేనే ఇచ్చేసినా, ఇంకా కుళ్ళుగానే ఉంది, సిస్టర్.