కోతలయ్యాక మొదలుపెడదామన్నావు

శాంతా,

నువ్వు కాలేజీకి పోయి నేటికి ఏడాది. మీ చేలో మొలగొలుకుల వరి మళ్లీ పాలు పోసుకుంటోంది.

డాక్టరు చదువు ప్రవేశ పరీక్షకు కోతలయ్యాకే ఇద్దరం కలిసి చదవడం మొదలుపెడదామన్నది నువ్వే. నమ్మాను. ఆ ఆరు నెలల పంట ఇంటికి చేరేదాకా కూలీలకు సద్ది మోసి, ఆ తర్వాత పుస్తకాలతో మీ గడప తొక్కాను.

"అది దసరా నుంచీ నెల్లూరులో ట్యూషన్‌కి పోతా ఉండాదే, నీకు చెప్పలా?" అంది మీ అమ్మ.

నీకు సీటొచ్చింది, నాకు రాలేదు. ఆ రోజు నువ్వు తెచ్చిన లడ్డు ఇంకా నా గొంతు దిగలేదు.

ఈ పొద్దున మా చెల్లెలు అడిగింది. "ఆ పరీక్షకి ఎప్పుడు మొదలుపెట్టేదక్కా? కోతలయినాక కలిసి చదువుదామంటా ఉండాది విమల."

విమల, నీ చెల్లెలు.

"ఈరోజే మొదలుపెట్టు," అన్నాను. "విమలకి మాత్రం చెప్పబాక."