జ్యూసుల సెక్షన్ కాదు

హైదరాబాద్,
గురువారం.

నాయనా,

ఆళ్లగడ్డ చర్చి మెట్ల మీద ఎజ్రా మామ "ఏం పాస్టరయ్యా, నీ కూతురు యాడ పనిచేస్తాండాది?" అని అడిగితే, హోటల్లో జ్యూసుల సెక్షన్ అన్నావట. అమ్మ ఫోన్లో చెప్పింది.

కాదు నాయనా. నేను బార్‌లో కాక్‌టెయిళ్లు కలుపుతాను. తాగను.

నిన్న కాక్‌టెయిళ్ల పోటీలో జిన్ టానిక్ కలిపి, దాని పుట్టుక గురించి చెప్పి గెలిచాను. మలేరియాకు ఇచ్చే క్వినైన్ చేదు భరించలేక మన దేశంలోని ఇంగ్లీషువాళ్లు అందులో చక్కెర, నిమ్మరసం, జిన్ కలుపుకున్నారు.

నా ఫొటో సోమవారం పేపర్లో వస్తుంది. నంద్యాల దాకా అందరూ చూస్తారు. అంతకుముందే, ఆదివారం ఆరాధనలో నువ్వే నిజం చెప్పు. నోరు రాకపోతే బాధపడొద్దు. శనివారం బస్సెక్కుతున్నాను. సాక్ష్యాలు చెప్పే సమయంలో నేనే లేచి నిలబడతాను.

నన్ను కూర్చోమనకు.

నీ కూతురు