మగ్గం పోగులు కోసింది నేనే

బెల్లంపల్లి

మా అవ్వ కాళ్లకు దండం పెట్టి బిడ్డ సత్తెమ్మ రాసేది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? ఈ ఉత్తరం పక్కింటి పిల్లతో చదివించకు. తమ్ముడితోనే చదివించు.

ఇక్కడ ఎండలు చెప్పతరం కాదు. ఆరేసిన చీర మీద బొగ్గు పొడి వాలుతుంది. బొగ్గుబాయి పనికి పోయేవాళ్లకు వండిపెట్టే మెస్సులో పని దొరికింది. నడిపేది ఆడమనిషే. నోరు పెద్దది కానీ మనసు మంచిది. పొద్దున జొన్నరొట్టెలు చేయడం నా వంతు. "సత్తెక్కా, ఇంకోటి వెయ్" అని అడిగి మరీ తింటారు. గది తాళంచెవి నా కొంగుకే ఉంటుంది, ఎవరినీ అడగకుండా చీర కూడా కొనుక్కున్నాను. నా గురించి ఫికర్ చేయకు. అయినా గదిలో ఒక్కదాన్నే కూర్చుని తింటుంటే ముద్ద దిగదు. మగ్గం మీద కూర్చోవాలని కాళ్లు లాగుతాయి.

మొన్న లచ్చవ్వ పెద్దమ్మ తన కొడుకును చూడడానికి ఇక్కడికి వచ్చి నన్నూ కలిసింది. "మగ్గం పోగులు కోసిందని మీ అవ్వ కోడల్ని పుట్టింటికి తోలింది బిడ్డా. నిన్ను జల్ది రమ్మన్నది. ఇగ మగ్గం కాడ నా బిడ్డనే కూసుంటదని చెప్పుమన్నది" అంది.

అవ్వా, ఆ పోగులు కోసింది నీ కోడలు వనజ కాదు. నేనే.

బాపు పోయాక ఆరేళ్లు ఆ మగ్గం గుంటలో కూర్చుని నేశాను. మనిద్దరం తిన్నది ఆ కష్టమే. తమ్ముడు భీవండిలో పని విడిచి పెళ్లాన్ని తీసుకుని వచ్చి, "మగ్గం మీద ఆడిదేంది అక్కా? నేను నేస్త, నువ్వు నూలు కండెలు చుట్టు, చాలు" అన్నాడు. నువ్వు తల కూడా ఎత్తలేదు. వాడి మాట కంటే అదే నన్ను ఎక్కువ కాల్చింది.

బట్ట దింపినా పాత పోగుల కొసలు వాటిని దూర్చిన అచ్చులోనే వదలాలి, కొత్త పడుగు పోగులను వాటికే అతకాలి. నేసేది ఎవరైనా అతికేది మన ఇంటి ఆడవాళ్లే. మా నానమ్మ నీకు నేర్పింది, నువ్వు నాకు నేర్పావు. ఆ కొసలు ఏనాడూ తెగలేదు. ఊరు విడిచిన పొద్దున వాటిని కత్తెరతో కోసి, లాగి, పొయ్యిలో వేశాను. నేను లేకుండా మగ్గం ఎట్లా ఆడుతుందో చూడాలనుకున్నాను. నా కడుపుమంట అంతటిది.

వనజ గడపలో నిలబడి అంతా చూసింది. దారిలో తినమని రొట్టెలు మూట కట్టి సంచిలో పెట్టింది. నువ్వు తనను వెళ్లగొట్టినా నా పేరు చెప్పలేదంటే, ఏ ముఖంతో ఆ ఇంటికి రాను? ఆ ఒక్క పిలుపు కోసం ఎంత ఎదురుచూశానో నీకు తెలియదు. తీరా పిలిచాక రాలేకపోతున్నాను.

తమ్మీ, ఇక్కడ చదవడం ఆపకు. అవ్వకు వినిపించేటట్టు చదువు. మనిషిని పంపకు, నువ్వే పోయి వనజను తీసుకురా.

అవ్వా, అచ్చులో ఒక్కొక్క పోగు మళ్లీ ఎక్కించాలి. నీ కళ్లకు ఇప్పుడు పోగు ఆనదు, వనజతో చేయించు. అతకడం నేర్పు, నేయడం కూడా నేర్పు. తమ్ముడు అడ్డం వస్తే ఈసారన్నా తల ఎత్తు.

పెద్దమ్మకు, వాడకట్టు పెద్దలకు నా దండాలు చెప్పు. ఎప్పుడూ దీవించమని రాసేదాన్ని. ఈసారి అడగడానికి చెయ్యి రావడం లేదు.

నీ బిడ్డ
సత్తెమ్మ